నూరోది గంగమ్మది

“తంతి కొట్టించవే! ఇంకా గుమ్మంలో నిలబడి ఏం చూస్తావు, వెళ్ళి తంతి కొట్టించు!”

మా అత్త మరిడమ్మ అరుపుకి చూరు మీద కాకులు లేచిపోయాయి. తెల్లారి గంట కాలేదు. లోపల తడిక వెనకాల నా తోటికోడలు రత్తమ్మకి నొప్పులు మొదలై రెండు రాత్రులూ ఒక పగలూ గడిచిపోయాయి. బిడ్డ దిగడం లేదు. మంత్రసాని తలుపులమ్మ నిన్నంతా ఊళ్ళో వాళ్ళ గుట్టులన్నీ చెప్పి నవ్వించింది. ఇవాళ పొద్దుటి నించి నోరు మెదపలేదు. ఆవిడ వాగుతున్నంతసేపూ నాకు భయం లేదండి. ఆవిడ నోరు మూసుకున్నాకే నాకు భయం పట్టుకుంది.

“ఏమని కొట్టించమంటావత్తా?” అన్నాను.

“తెలీనట్టు అడుగుతావేంటే! నూరు కొట్టొద్దని.”

మీకు నవ్వు రావచ్చు. రాజమహేంద్రవరంలో నవ్వనివాడు లేడు, మా గడప లోపల ఉన్నవాళ్ళు తప్ప.

నిన్న సాయంత్రం తంతి ఆఫీసు నించి కబురొచ్చింది. మద్రాసులో సీమ నించి వచ్చిన దొరల జట్టు మీద మా మరిది పల్లంరాజు తొంభై ఒక్క పరుగులు కొట్టి ఇంకా నిలబడే ఉన్నాడంట. పొద్దు పోయిందని ఆట ఆపారంట. ఇవాళ పదకొండు గంటలకి మళ్ళీ మొదలంట. ఇంకో తొమ్మిది కొడితే నూరు. కాలేజీ పిల్లకాయలు వీధుల్లో ఎగిరారు. ఎవరో జమీందారుగారు పటాసులు తెప్పించారని కూడా చెప్పారు. మా ఇంట్లో మాత్రం పొయ్యి వెలగలేదు.

ఎందుకంటారా? మేం గోదారి మీద వల వేసి బతికేవాళ్ళం. వల ఒడ్డుకొచ్చాక చేపని పుంజీల్లో లెక్కపెడతాం. పుంజీ అంటే నాలుగు. పాతిక పుంజీలయితే నూరు. కానీ మా వాళ్ళెవరూ ఎప్పుడూ పాతికో పుంజీ నింపరు. ఇరవై నాలుగు పుంజీలయ్యాక మూడు పెట్టి, నాలుగోదాన్ని కొన ఊపిరితో ఉండగానే నీళ్ళలోకి వదిలేస్తారు. నూరోది గంగమ్మది. ఆవిడ వంతు ఆవిడకి ఇవ్వకుండా దాచుకుంటే ఆవిడే వచ్చి ఇంట్లోంచి పట్టుకుపోతుంది. మా తాతల నాటి మాట అది.

మా మరిది చేపలు పట్టడం మానేసి పరుగులు పట్టాడు. ధవళేశ్వరంలో దొరలు ఆడుకునే చోట ముళ్ళకంపల్లో పడ్డ బంతులు ఏరి ఇచ్చే పనికి వెళ్ళినవాడు, ఒకరోజు తెడ్డు పట్టుకుని దొర వేసిన బంతిని కాలవ అవతలకి కొట్టాడు. ఆ దొర నవ్వి బ్యాటు చేతికిచ్చాడు. అక్కణ్ణించి మద్రాసు, మద్రాసు నించి బొంబాయి, బొంబాయి నించి సీమ. సీమలో తెల్లదొరసానులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారంట. ఇక్కడ మాత్రం జట్టులో పెద్దకులాల వాళ్ళు అతనికి వసారాలో విడిగా విస్తరి వేసి అన్నం పెట్టేవారు. అది వేరే కథ లెండి.

మొదటిసారి మద్రాసులో నూరు కొట్టాడు. ఆ వారంలోనే మా మావ సత్తియ్య ఆనకట్ట దగ్గర పడవ తిరగబడి పోయాడు. నలభై ఏళ్ళు గోదారి ఈదినవాడు మోకాలి లోతులో దొరికాడు. రెండోసారి సీమలో నూరు కొట్టాడు. మూడో రోజుకి నా మొగుడు బుల్లియ్య వాంతిభేదితో పోయాడు. పొద్దున వల బుజాన వేసుకుని వెళ్ళినవాణ్ణి మధ్యాన్నానికి నలుగురు మోసుకొచ్చారు.

“ఒకటి మీ మావ. రెండు నీ మొగుడు. మూడోది ఎవరో నీకు తెలీదంటావా?” అంది అత్త. ఈసారి అరవలేదు. నెమ్మదిగా అంది. అరిచినా బావుండేది.

నేను తడిక వైపు చూశాను. లోపలికి నన్ను రానివ్వరు. మొగుడు పోయినదాన్ని, పురిటి గదిలో నా నీడ పడకూడదంట. రెండు రోజులుగా ఆ తాటాకు తడిక ఇవతలే కూచుని రత్తమ్మ మూలుగు వింటున్నాను.

“రత్తమ్మ ఒప్పుకోదు అత్తా,” అన్నాను. “మొగుడు నూరు కొడితే నూరు దీపాలు పెడతానని మొక్కుకున్న మనిషది.”

“దాన్నెవరు అడిగారే?”

“అక్కా.”

తడిక వెనకనించి వచ్చింది ఆ పిలుపు. అది రత్తమ్మ గొంతేనా అని అనుమానం వేసింది నాకు.

“చెప్పు తల్లీ.”

తలుపులమ్మ తడిగుడ్డ పిండిన చప్పుడు వినిపించింది.

“పంపించెయ్యి అక్కా. ఆగమని చెప్పు. నాకు... నాకు చావాలని లేదక్కా.”

మా అత్త నమ్మకాలన్నిటినీ మొహం మీదే వెక్కిరించిన పిల్ల అది. ‘గంగమ్మకి లెక్కలొచ్చా అత్తా, పలకా బలపం కొనిపెడదామా’ అని ఆట పట్టించేది. అదే అడిగాక ఇంక నేను ఎవరితో వాదించను? చెంగు నడుముకి బిగించి రోడ్డెక్కాను.

*

తంతి ఆఫీసులో సూర్యప్రకాశం గారని ఉద్యోగి. బక్కపలచని బ్రాహ్మడు, తలపాగా ఎప్పుడూ ఓ పక్కకి ఒరిగే ఉంటుంది. మా మరిది ఆటంటే ప్రాణం పెట్టే మనిషి. మద్రాసు నించి వార్త రాగానే ఆఫీసు గోడకి తగిలించిన నల్లపలక మీద సుద్దతో అంకె వేస్తాడు, జనం చదువుకోడానికి. ఆ పలక మీద తొంభై ఒకటి ఇంతేసి లావున రాసుంది. దాని చుట్టూ పువ్వులు కూడా గీశాడు మహానుభావుడు.

“రా అచ్చాయమ్మా, రా! కొబ్బరికాయ కూడా తెచ్చి ఉంచాను. నూరు పడగానే గుమ్మంలో కొట్టెయ్యడమే. మీ అత్తగారికి నిద్ర పట్టిందా?”

“లేదు బాబూ. తంతి కొట్టాలి. మద్రాసుకి, మా మరిదికి.”

“భేషుగ్గా కొడదాం. ఆశీర్వచనమా?”

“నూరు కొట్టొద్దని రాయండి. రత్తమ్మకి ప్రాణం మీదకొచ్చిందని రాయండి. అమ్మ మాట అని రాయండి.”

ఆయన పెన్సిలు తీసినవాడు తీసినట్టే ఆగిపోయాడు.

“నీకేమైనా మతి పోయిందా?”

“పోతే బావుణ్ణు బాబూ.”

“ఆడబోతున్న మనిషి చేతికి ఇలాంటి కాయితం ఇస్తారా ఎవరైనా? రెండేళ్ళ నించి వాడు తొంభై దాటగానే ఏమవుతోందో నీకు తెలుసా? ఎనభై దాకా పులిలా ఆడతాడు. తొంభైలోకి వచ్చేసరికి చేతులు వణుకుతాయి, తేలిక బంతికి అవుటైపోతాడు. ఆరుసార్లు! ఈసారి కూడా నూరు కొట్టకపోతే వచ్చే ఏడు సీమకి వెళ్ళే జట్టులో వాడి పేరుండదని మద్రాసు పేపర్లో రాశారు. నా మాట విను. ఇంటికెళ్ళి ఆ పిల్లకి ధైర్యం చెప్పు.”

“ధైర్యం నా దగ్గరుంటే కదా బాబూ ఇంకోళ్ళకి చెప్పడానికి.”

“ఇవన్నీ మూఢనమ్మకాలు అచ్చాయమ్మా. మీ ఆయన చనిపోయిన ఏడాది వాంతిభేదితో ఈ ఊళ్ళో మూడొందల మంది పోయారు. వాళ్ళందరి తమ్ముళ్ళూ సీమలో నూరు కొట్టారా?”

నా దగ్గర ఉన్నది ఒక్కటే మాట. అది ఎవరికీ చెప్పుకోనిది. ఆ గుమ్మంలో నిలబడి ఆయనకి చెప్పేశాను.

“రెండేళ్ళ కిందట కూడా మా అత్త నన్ను తంతి కొట్టించమంది బాబూ. సీమలో ఎనభై మీద ఉన్నాడని మీరే కబురు చెప్పారు. అప్పుడు నేను నవ్వాను. ‘గంగమ్మ సముద్రాలు దాటి అంత దూరం వెళ్ళి లెక్క చూస్తుందా అత్తా’ అన్నాను. రాలేదు మీ దగ్గరికి. మూడో రోజుకి నా మొగుడు నా ఒళ్ళో తల పెట్టుకుని నీళ్ళు నీళ్ళు అంటూ పోయాడు. ఇవాళ కూడా నవ్వి ఇంటికెళ్ళి, అక్కడ రత్తమ్మ...”

చెంగుతో మొహం తుడుచుకున్నాను.

సూర్యప్రకాశం గారు కుర్చీలో కూలబడ్డాడు. కాసేపు బల్ల మీద సుద్దముక్కని అటూ ఇటూ దొర్లించాడు. తరవాత కాయితం మీద ఇంగ్లీషులో నాలుగు వరసలు రాసి, నాకు తెలుగులో చదివి వినిపించాడు. నేను చెప్పిందే ఉంది, ఒక్క ముక్క కూడా మార్చలేదు.

“ఈ పని చేసినందుకు నా చెయ్యి విరగాలి,” అని ఆ ఇత్తడి మీట మీద వేలు పెట్టి కొట్టడం మొదలెట్టాడు. టకటకా టకటకా.

“ఎప్పటికి అందుతుంది బాబూ?”

“ఆట మొదలయ్యే లోపే చేతిలో పెడతారు. ఇంక నన్నేం అడక్కు.”

*

ఇంటి మలుపు తిరిగేసరికి ఏడుపు వినిపించింది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఎవరు ఏడుస్తున్నారు? అత్తేనా? మరో రెండడుగులు వేశాక తెలిసింది, అది పెద్దవాళ్ళ ఏడుపు కాదు.

“ఆడపిల్లే! నీళ్ళు కాచుకురా అచ్చాయమ్మా, గుడ్లప్పగించి చూస్తావేంటి!” తలుపులమ్మ నోరు మళ్ళీ లేచింది. “ఎంత సతాయించావే నీ తల్లిని, ఇంత ముక్కుందేంటే దీనికి, అచ్చం మరిడమ్మ ముక్కే...”

ఆ వాగుడు వింటుంటే ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. మాయ కూడా పడిపోయిందంట. రక్తం నిలిచిందంట. అప్పుడే జైలు గంట తొమ్మిది కొట్టింది. నేను లెక్కపెట్టాను కూడా.

“అక్కా,” అంది రత్తమ్మ తడిక వెనకాల. గొంతు పీలగా ఉంది గానీ అందులో మళ్ళీ మా రత్తమ్మే ఉంది. “తంతి పంపేశావా?”

“పంపేశానే.”

“అయ్యో! పరుగెత్తక్కా. ఇంకోటి కొట్టించు. నేను బతికానని చెప్పు. కూతురు పుట్టిందని చెప్పు. ఇంక భయం లేదు, కొట్టమని చెప్పు. పదకొండుకి కదా ఆట! ఇంకా బోలెడు పొద్దుంది. లే అక్కా!”

నేను లేచాను. నిజంగానే లేచాను. గుమ్మంలో మా అత్త అడ్డంగా నిలబడింది.

“ఎక్కడికే?”

“విన్నావుగా అత్తా.”

“విన్నాను. దానికి బుద్ధి లేదు, పచ్చి బాలింత. నీకేమైంది? బిడ్డ బయటపడగానే గండం గడిచిందా? మా చెల్లెలు పురుడొచ్చిన పూట నవ్వుతూ గంజి తాగి, పొద్దుగూకేసరికి పోలేదూ? ఇప్పుడు నువ్వెళ్ళి నూరు కొట్టమని చెప్తావా? కొట్టమని చెప్పి మరీ పిలుస్తావా గంగమ్మని ఇంటిలోకి?”

“అత్తా, అడ్డులే.”

“వెళ్ళు. నేనేం నిన్ను కట్టెయ్యలేదు. సాయంత్రం దీనికేదైనా అయితే ఆ పసిగుడ్డుకి నువ్వే చెప్పుకో.”

అని పక్కకి తొలిగింది కూడా. గుమ్మం ఖాళీగా ఉంది నా ముందు.

ఎవరైనా అడిగితే మా అత్త ఆపిందని చెప్పుకుంటాను. నిజం అది కాదండి. ముసల్దాన్ని పక్కకి నెట్టి పోలేనిదాన్ని కాదు, అసలు నెట్టక్కర్లేకుండానే దారిచ్చింది. నాకే భయమేసింది. వెళ్ళి చెప్తే, అతను కొడితే, రత్తమ్మకి మళ్ళీ రక్తం మొదలయితే? ఒకసారి నవ్వి చూశాను, దాని ఫలితం ఇంకా నా బోసి మెడలోనే కనిపిస్తోంది. రెండోసారి నా వల్ల కాదనుకున్నాను. గడప ఇవతలే చతికిలబడ్డాను.

“వెళ్ళావా అక్కా?” అంది రత్తమ్మ లోపల్నించి.

నేను పలకలేదు. అత్తా పలకలేదు.

“వెళ్ళింది కాబోలు,” అని తనలో తనే అనుకుంది. “మా అక్క బంగారం.” కాసేపటికి కునుకు పట్టినట్టుంది, ఊపిరి సన్నగా వినిపించింది.

దగ్గొస్తే చెంగు నోట్లో కుక్కుకున్నాను, ఉన్నానని తెలిసిపోతుందని. పది కొట్టింది. ఇప్పుడు పరుగెత్తినా అందుతుంది అనుకున్నాను. లేవలేదు. పదకొండు కొట్టింది. అప్పుడు మద్రాసులో తెల్లబట్టలేసుకుని, జేబులో నా తంతి కాయితం పెట్టుకుని, మా మరిది మైదానంలోకి నడిచి వెళ్తూ ఉంటాడు. పన్నెండు కొట్టాక ఇంక కూచోలేకపోయాను. చప్పుడు కాకుండా లేచి, పెరటి వైపు నించి వీధిలోకొచ్చి, ఆ తరవాత పరుగందుకున్నాను.

*

తంతి ఆఫీసు ముందు యాభై మంది దాకా ఉన్నారు. ఒక్కరూ మాట్లాడడం లేదు. నన్ను చూసి దారిచ్చారు. పలక మీద పువ్వులు అలాగే ఉన్నాయి. మధ్యలో అంకె మారింది. నాకు ఇంగ్లీషు రాదు గానీ అంకెలొచ్చు. రెండు తొమ్మిదులు.

ఇరవై నాలుగు పుంజీల మీద మూడు. సరిగ్గా మా వాళ్ళు లెక్క ఆపే చోటే.

సూర్యప్రకాశం గారు నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరికేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఈసారి చెయ్యి వణకలేదు అచ్చాయమ్మా. అది చెప్దామనే పిలిచాను. తొంభై తొమ్మిది దాకా నల్లేరు మీద బండిలా నడిచింది. అప్పుడో తిన్నని బంతి వచ్చిందట, పసిపిల్లాడు కూడా కొట్టే బంతి. వాడు బ్యాటు పైకెత్తి పక్కకి జరిగి నిలబడ్డాడట. అది పోయి వికెట్టుకి తగిలింది. ఆ బంతి వేసిన దొరే నమ్మలేకపోయాడట. సీమ వాళ్ళకి అమ్ముడుపోయాడని జనం కేకలు వేశారట. చెప్పులు కూడా పడ్డాయట.”

పల్లంరాజు తల వంచుకుని ఆ కేకల మధ్యలో నడిచి వస్తున్నట్టు కళ్ళకి కట్టింది. చిన్నప్పుడు నేను అన్నం కలిపి పెట్టిన పిల్లాడండి అతను.

“ఇది వాడి దగ్గర్నించి వచ్చింది. ఇప్పుడే, పావుగంటయింది.” ఒక కాయితం తీసి నెమ్మదిగా చదివాడు. “‘ఆగిపోయాను. రత్తమ్మ బతికిందా. నేను ఆగిన తరవాతే బతికిందా. వెంటనే జవాబు ఇవ్వండి. రేపు మళ్ళీ ఆడాలి.’ అంతే.”

“రేపు మళ్ళీ ఏంటి బాబూ?”

“ఒక్కో జట్టు రెండేసిసార్లు ఆడుతుంది. రేపు వాడికి ఇంకోసారి వస్తుంది బ్యాటు. చెప్పు, ఆ పిల్లకెలా ఉంది?”

“బతికింది. కూతురు.”

“అమ్మయ్య!” ఆయన మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. “ఎన్ని గంటలకి?”

నోరు జారిందండి. “తొమ్మిదికి,” అనేశాను.

పెన్సిలు బల్ల మీద పడింది.

“తొమ్మిదికా? పొద్దున తొమ్మిదికా? ఆట మొదలవడానికి రెండు గంటల ముందా?”

నేను తల ఊపాను.

“మరి వెంటనే ఎందుకు రాలేదు నువ్వు?”

నేను కాలి బొటనవేలితో నేల గీకుతూ నిలబడ్డాను.

“సరే, అయిందేదో అయింది,” అని కాయితం దగ్గరికి లాక్కున్నాడు. చేతులు గబగబా ఆడుతున్నాయి. “ఇంకా చెడిపోలేదు. చూడు, తొమ్మిదికే పుట్టిందని రాసేద్దాం. వాడు ఆగడానికీ ఆ పిల్ల బతకడానికీ సంబంధం లేదని తెలిసిపోతుంది. ఇన్నాళ్ళూ నాన్ననీ అన్ననీ తనే చంపుకున్నానని కుమిలిపోతున్నాడు వాడు. ఆ భయం ఈ ఒక్క ముక్కతో వదిలిపోతుంది. రేపు నూరు కాదు, నూటయాభై కొడతాడు! ఆ చెప్పులు వేసినవాళ్ళే బుజాల మీద ఎత్తుకుంటారు!”

కాయితం మీద నా అరచెయ్యి పెట్టేశాను. ఎలా పెట్టానో నాకే తెలీదు. ఆయన అంటుకి జడిసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“ఆ ముక్క వద్దు బాబూ.”

“ఎందుకు?”

“పొద్దు గూకలేదు. అది పచ్చి బాలింత. రేపు అతను నూరు కొడితే, ఎల్లుండి దానికి జ్వరమొస్తే? పిల్లకి ఏమైనా అయితే? ఏమీ కాదని మీరు పూచీ ఉంటారా?”

“నేను పూచీ ఉండడమేంటి, ఇదేం...”

“ఉంటారా?”

చదువుకున్నవాడు, ఉద్యోగస్తుడు, అయినా ఉంటానని అనలేకపోయాడండి.

“అయితే ఏం రాయమంటావు?” అన్నాడు చివరికి.

“బతికిందని రాయండి.”

“వాడు రెండు అడిగాడు. ‘నేను ఆగిన తరవాతేనా’ అని కూడా అడిగాడు. దానికేం చెప్పను?”

బయట జనం గుసగుసలు వినిపిస్తున్నాయి. నా చెయ్యి ఇంకా కాయితం మీదే ఉంది. నా మొగుడు గుర్తొచ్చాడు. తడిక వెనకాల ఆ పీల గొంతు గుర్తొచ్చింది. నిజం చెప్తే ఏమవుతుందో నాకు తెలీదు. అబద్ధం చెప్తే మాత్రం మా ఇంట్లో ఇంకో పాడె లేవదనిపించింది. ఆ క్షణానికి అదొక్కటే తోచింది నాకు.

“అవునని రాయండి,” అన్నాను.

“అచ్చాయమ్మా, ఇది చదివాక వాడు జన్మలో మళ్ళీ నూరు కొట్టడు. తెలుస్తోందా నీకు?”

“తెలుస్తోంది బాబూ.”

నేను చెయ్యి తీశాక ఆయన పెన్సిలు అందుకున్నాడు. రాశాడు. మీట మీద వేలు పెట్టాడు. పొద్దుటికన్నా తొందరగా అయిపోయింది. నేను బయటికొచ్చేసరికి ఎవరో పలక మీద పువ్వులు తుడిచేస్తున్నారు.

*

ఇంటికొచ్చేసరికి అత్త గుమ్మంలోనే ఉంది. ఎంత అని కళ్ళతోనే అడిగింది. “తొంభై తొమ్మిది,” అన్నాను గొంతు తగ్గించి. అత్త రెండు చేతులూ ఎత్తి గోదారి వైపు దణ్ణం పెట్టింది. “ఆగాడు నా తండ్రి. పెళ్ళాన్ని బతికించుకున్నాడు,” అంది, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. పిల్ల ఎన్ని గంటలకి పుట్టిందో ఆవిడకి మాత్రం తెలీదా? కానీ ఆవిడ లెక్క ఆవిడది. నేను దిద్దలేదు.

“అక్క వచ్చిందా?” రత్తమ్మ మేలుకునే ఉంది. “అక్కా! ఎంత కొట్టాడు?”

“తొంభై తొమ్మిది తల్లీ.”

తడిక వెనకాల పిల్ల చప్పరిస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

“అవుటయ్యాడా?”

“అయ్యాడు.”

“చెయ్యి వణికిందా?”

“లేదు. బ్యాటు పైకెత్తేసి నిలబడ్డాడంట.”

లోపల పిల్లని పక్క మార్చిన చప్పుడైంది.

“నువ్వు తొమ్మిది దాటగానే వెళ్ళావు కదక్కా,” అంది రత్తమ్మ. “పదకొండు లోపే అందుంటుంది. నేను బతికానని తెలుసు. కూతురు పుట్టిందని తెలుసు. కొట్టమని నేనే చెప్పానని తెలుసు. అన్నీ తెలిసి బ్యాటు ఎత్తేశాడా?”

అత్త నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది, గాజుల్లేని చెయ్యి కదా, గోళ్ళు దిగాయి.

“అయితే నా కోసం కాదన్నమాట,” అంది రత్తమ్మ. రెండు రాత్రులు నొప్పులు పడ్డప్పుడు కూడా ఏడవని పిల్ల ఇప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. “ఊళ్ళో అందరూ పిరికివాడన్నా నేను పడనిచ్చానా అక్కా? చేపలు అమ్మే చోట మొన్న ఒకత్తి అంటే గంపెత్తి మొహాన కొట్టాను కదా! నిజంగా పిరికివాడేనా? నేను బతికున్నా ఆడలేనివాడు ఇంకెప్పుడు ఆడతాడు?”

చెప్పెయ్యాలనిపించింది. నేను వెళ్ళలేదే, నీ మాట అతనికి అందలేదే, నీ కోసమే ఆగాడే అని గొంతు దాకా వచ్చింది. చెప్తే ఏమవుతుంది? లేవలేని మనిషి లేచి తనే రోడ్డెక్కుతుంది. రేపు అతను నూరు కొడతాడు. ఆ తరవాత? చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

“రేపు మళ్ళీ ఆడతాడుగా?” అంది రత్తమ్మ. ఏడుపు ఆపేసింది. గొంతు గట్టిపడింది.

“ఆడతాడు.”

“అయితే ఇంకో తంతి కొట్టించు. నేను అన్నానని, నా పేరు పెట్టి కొట్టించు. రేపు నూరు కొడితేనే ఇంటికి రమ్మను. కొట్టకపోతే నా మొహం చూడొద్దను, దీని మొహం కూడా చూడొద్దను. నేను పుట్టింటికి పోయి వల అల్లుకుని బతుకుతాను.”

అత్త పట్టు వదిలేసింది. ఇప్పుడేం చెయ్యమంటావని అడుగుతున్నట్టు నా వంక చూసింది. రెండేళ్ళలో ఎప్పుడూ నా వంక అలా చూడలేదు.

“వింటున్నావా అక్కా?” అంది రత్తమ్మ. “వెళ్తున్నావా?”